హైదరాబాదులో బంధువుల కలయిక: ఎక్కడ బెడిసికొడుతుంది, ఎలా సర్దుకోవాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ పెద్ద కుటుంబాన్ని చూసినా ఇప్పుడు ఒకటే తీరు. ఊళ్లో జేజి (నాయనమ్మ), తాత, పొలం చూసుకునే ఒక కొడుకు ఉంటారు. మిగతావాళ్లలో ఎక్కువమంది హైదరాబాదు, కొందరు చెన్నై, బెంగళూరు, ఒకరిద్దరు అమెరికా. అందరం ఒకసారి కలుద్దాం అనుకుని తలలు లెక్కేస్తే హైదరాబాదే తేలుతుంది. అది తేలిన మర్నాటి నుంచి వాట్సాప్ గ్రూపులో మాటలు మొదలు: చిన్నాయనకి పొగరెక్కింది, ఆ వదినకి మనమంటే లెక్కలేదు, పెద్దత్త కావాలనే ఆలస్యంగా వచ్చింది. నన్నడిగితే వీటిలో ముప్పాతిక వంతు హైదరాబాదు సైజు చేసిన గొడవలు. కాబట్టి ఎవరినైనా ఒక మాట అనే ముందు కింద ఉన్నవి ఒకసారి సరిచూసుకోండి.

లక్షణం: "వస్తాం" అన్న ఇళ్లలో సగం రాలేదు

మొదట చూడాల్సింది చోటు. సాధారణంగా ఎవరి ఇల్లు పెద్దదైతే వాళ్లింట్లోనో, వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనో పెట్టేస్తారు. అది నిజాంపేటలో ఉంటే వనస్థలిపురం వాళ్లకి ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి పడుతుంది. ఇద్దరు పిల్లలు, ఒక ముసలాయన, రెండు క్యాబులు, పోనూ రానూ. ఆ ఖర్చు తల్చుకుని ఆఖరి నిమిషంలో "బాబుకి జ్వరం" అంటారు. ఆ జ్వరాన్ని నమ్మండి, తవ్వొద్దు.

ఫామ్‌హౌస్ మోజు దీనికంటే చెడ్డది. మొయినాబాద్ పక్కనో, శామీర్‌పేట పక్కనో తోట అద్దెకు తీసుకుంటే ఫొటోలు బాగా వస్తాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు కార్లున్న వాళ్ల కోసమే. కారు లేని అక్కని ఎవరో ఒకరు ఎక్కించుకుని రావాలి, తిరిగి దించాలి. ఆమె ఆ మాట నోరు తెరిచి అడగదు. రాదు, అంతే.

పరిష్కారం ఇది. హైదరాబాదులో ఉన్న ఇళ్లన్నీ కాగితం మీద రాసి, ఎదురుగా పేటల పేర్లు వేయండి. మనవాళ్లు సగం కూకట్‌పల్లి, మియాపూర్ వైపు, సగం దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ వైపు ఉంటే, ఆ రెండు కొసలనీ కలిపే మెట్రో లైను ఒకటే. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా 29 కిలోమీటర్లు. దాని నడుమ అమీర్‌పేట ఉంది. నాగోలు నుంచి రాయదుర్గం పోయే లైను కూడా అక్కడే కలుస్తుంది. అమీర్‌పేట, ఎర్రమంజిల్, పంజాగుట్ట చుట్టుపక్కల స్టేషనుకి నడిచిపోయేంత దూరంలో చిన్న ఏసీ హాలు చూడండి. అద్దె ఎక్కువే. దాన్ని పెట్రోలుతో, క్యాబులతో, అలకలతో పోల్చి చూడండి. కార్లున్న వాళ్లు పార్కింగ్ లేదని సణుగుతారు, సణగనివ్వండి.

లక్షణం: తేదీ కుదరడం లేదు, గ్రూపులో నెలల తరబడి చర్చ

కారణం, అందరూ హైదరాబాదు స్కూళ్ల సెలవులే చూస్తారు, ఊళ్లో వాళ్ల పనుల కాలం ఎవరూ అడగరు. నెల్లూరు వైపు వరి కోతలు మార్చి, ఏప్రిల్‌లో. కందుకూరు, కొండపి, టంగుటూరు వైపు పొగాకు రైతుకి వేలం మొదలైతే ఎండాకాలమంతా వేలం కేంద్రం చుట్టూ తిరగడమే సరిపోతుంది. ఆ నెలల్లో "రెండ్రోజులు వచ్చిపో అన్నా" అంటే ఆయనేం చేస్తాడు? నవంబరు, డిసెంబరు మాటెత్తకండి. అది మన కోస్తాకి వాయుగుండాల కాలం. ఒక్క తుఫాను దెబ్బకి రైళ్లు ఆగిపోతాయి, హాలు అడ్వాన్సు పోతుంది.

నా ఓటు ఆషాఢానికి. పెళ్లిళ్లుండవు కాబట్టి హాళ్లు ఖాళీ, వంటవాళ్లు ఖాళీ, బేరం మన చేతిలో ఉంటుంది. ఇంకొకరి పెళ్లికి పోవాలన్న సాకు ఎవరికీ ఉండదు. అమెరికా పిల్లలకి అవి సెలవులు. "ఆషాఢంలో ఏం కార్యం?" అని పెద్దనాయన అంటే, ఇది కార్యం కాదు, ముహూర్తం లేదు, అందరం కలిసి అన్నం తింటున్నామని చెప్పండి. కొత్త కోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదు కదా అంటే, ఫంక్షన్ హాలుకి రెండు గేట్లుంటాయని చెప్పండి.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఆషాఢ ఆదివారాల్లో హైదరాబాదుకి బోనాలు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల ఆదివారం ఆ చుట్టుపక్కల రోడ్లు మళ్లిస్తారు, స్టేషనుకి పోవడమే పరీక్ష. లాల్ దర్వాజా బోనాలనాడు పాతబస్తీ కూడా అంతే. రెండోది, నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ. మొహర్రం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది, ఈ మధ్య ఏళ్లలో జూన్, జూలైల్లోనే వస్తోంది. స్వర్ణాల చెరువులో రొట్టె మార్చుకునే మొక్కు ఉన్నవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు, వాళ్లని అడిగాకే తేదీ ఖాయం చేయండి.

ఆదివారం కన్నా శనివారం మేలు. ఎందుకో రైళ్ల దగ్గర తెలుస్తుంది.

లక్షణం: పెద్దవాళ్లకి పై బెర్తులు వచ్చాయి, లేదా టికెట్లే దొరకలేదు

ఇందులో మూడు వేర్వేరు కారణాలుంటాయి, మందు కూడా వేర్వేరు.

ఒకటి, పాత లెక్క. ఒకప్పుడు 120 రోజుల ముందు రిజర్వేషను తెరిచేవాళ్లు. 2024 నవంబరు నుంచి అది 60 రోజులు. పోయే టికెట్టూ వచ్చే టికెట్టూ ఒకే పొద్దున తెరుచుకోవు. శుక్రవారం రాత్రి బండికి ఒక రోజు, ఆదివారం రాత్రి తిరుగు బండికి రెండ్రోజుల తర్వాత, పొద్దున ఎనిమిదింటికి కూర్చోవాలి. రెండో రోజు మర్చిపోయే ఇళ్లే ఎక్కువ. కలయిక శనివారమైతే కొందరు ఆ రాత్రికే, కొందరు ఆదివారం పగటి బండికి తిరుగుతారు, ఒత్తిడి పంచుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నం భోజనం పెట్టుకుంటే అందరూ ఆ రాత్రి బళ్ల మీదే పడాలి.

రెండు, అందరికీ కలిపి ఒకే టికెట్టు తీయడం. ఒక టికెట్టు మీద ఆరుగురి దాకా తీసుకోవచ్చు కదా అని జేజిని, తాతని, మనవళ్లని కలిపి తీస్తారు. అలా తీస్తే పెద్దల కింది బెర్తు కోటా వర్తించదు. ఆ కోటా 60 దాటిన మగవాళ్లకి, 45 దాటిన ఆడవాళ్లకి, అదీ టికెట్టు మీద ఒకరో ఇద్దరో ఉన్నప్పుడే. జేజికీ తాతకీ విడిగా తీయండి, పిల్లలకి వేరే తీసి అదే బండి ఎక్కించండి. టికెట్టు రాయితీ మాత్రం అడక్కండి, పెద్దల రాయితీ 2020 మార్చిలోనే పోయింది.

మూడు, దిగే స్టేషను. గూడూరు నుంచి వచ్చే సింహపురి సికింద్రాబాద్ బండి. తిరుపతి నుంచి వచ్చే నారాయణాద్రి లింగంపల్లి దాకా పోతుంది. కొడుకు మియాపూర్‌లో ఉంటే లింగంపల్లి దాకా కూర్చుంటే చాలు, సికింద్రాబాద్‌లో దిగి మూటాముల్లెతో క్యాబు కోసం నిలబడే పని ఉండదు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బళ్లు అటు మళ్లాయి. టికెట్టు మీద ఏ స్టేషనుందో బయల్దేరే ముందు రోజు మళ్లీ చూసి, తీసుకుపోవడానికి వచ్చేవాడికి ఫోన్ చేసి చెప్పండి. సికింద్రాబాద్‌లో ఎదురుచూసే అల్లుడు, చర్లపల్లిలో దిగిన మామ, ఈ జంట ఏ కుటుంబానికీ మంచిది కాదు.

టికెట్లే లేకపోతే రాత్రి బస్సులున్నాయి. నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి వచ్చే ప్రైవేటు బస్సులు తెల్లారుజామున ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా దించుకుంటూ పోతాయి. కానీ మోకాళ్ల నొప్పులున్న వాళ్లని స్లీపర్ పై బెర్తు ఎక్కించొద్దు. కారులో వచ్చేవాళ్లు అద్దంకి, నార్కట్‌పల్లి దారిన వచ్చి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే ఊళ్లో ఇరుక్కోకుండా పడమటి వైపుకి పోవచ్చు.

లక్షణం: భోజనం మూడు గంటలకి

పదింటికి రమ్మంటే పదింటికి ఇంట్లో బయల్దేరతారు. తిట్టి లాభం లేదు, ప్లాను మార్చండి. పిలుపులో "టిఫిను ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా" అని రాయండి. వేడి దోసె ఉందంటే మనవాళ్లు ఎంత దూరమైనా వేళకి వస్తారు. పెద్దలకి బట్టలు పెట్టడం, ఫొటోలు, పిల్లల పాటలు ఇవన్నీ భోజనం తర్వాతకి నెట్టండి. ముందు పెడితే మీ ప్రసంగం అయ్యేదాకా షుగరున్న తాత కడుపు మాడ్చుకుని కూర్చోవాలి.

వంటల్లో చేపల పులుసు తప్పకుండా ఉండాలనేది మనవాళ్ల పట్టు. హాల్లో అప్పటికప్పుడు వండమంటే ఆలస్యం అక్కడే మొదలవుతుంది, రుచీ రాదు. చింతపండు, మామిడికాయ పడిన పులుసు ముందురోజు సాయంత్రం వండితేనే మర్నాటికి ముక్కకి పడుతుంది. ఈ మాట వంటమనిషికి ముందే చెప్పి, రాత్రి వండించి పెట్టండి.

లక్షణం: జేజి రెండింటికే "ఇంటికి పోదాం పదండి" అంటోంది

చూడండి: హాలు మొదటి అంతస్తులో ఉండి లిఫ్టు లేదా? డీజే వాడు స్పీకరు ఆమె చెవి పక్కనే పెట్టాడా? ఏసీ గాలి నేరుగా తగులుతోందా? బాత్రూము దూరమా? నాలుగింట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. హాలు మాట్లాడేటప్పుడే కింది అంతస్తు, పక్కన మంచమున్న గది అడగండి. పెళ్లికూతురి గది అని ఒకటి ఉంటుంది, ఆరోజు అది జేజిది. భోజనం చేసి గంటసేపు నడుం వాల్చితే సాయంత్రం దాకా ఉంటుంది. స్పీకరు మాత్రం వద్దనే అంటాను. మాట్లాడుకోవడానికి వచ్చిన వాళ్లకి మైకు ఎందుకు?

లక్షణం: పిల్లలు ఎవరి ఫోన్లో వాళ్లు

వాళ్లకి వరసలు తెలియవు, పలకరించాలంటే సిగ్గు. మెడలో పేరుతో పాటు వరస రాసిన కార్డు వేయండి: "కావలి పెద్దత్త మనవడు" అని. మిగతాది వాళ్లే చూసుకుంటారు.

లక్షణం: డబ్బు దగ్గర ముఖాలు మారాయి

అమెరికా వాళ్లే అంతా పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు. తర్వాత వాళ్లు ఒక మాట అంటారు, లేదా అన్నారని ఇంకొకరు అనుకుంటారు. తలకి ఇంత అని కూడా వద్దు, పిల్లలెక్కువున్న ఇల్లు నలిగిపోతుంది. సంపాదించే ఇంటికి ఇంత అని పెట్టండి, ఊళ్లో పెద్దలకి ఏమీ వద్దు. లెక్కంతా ఒకే మనిషి చేతిలో ఉండి, కలయిక అయిన వారంలో రసీదులతో సహా గ్రూపులో పడాలి.

లక్షణం: ఏం చేసినా లెక్క కుదరడం లేదు

హైదరాబాదు ఇళ్ల సంఖ్య కన్నా ఊళ్లో ప్రయాణం చేయలేని పెద్దలు, చెన్నై వాళ్లు కలిపి ఎక్కువైతే ఊరు మార్చేయండి. ఒంగోలు బాగుంటుంది. పొద్దున సికింద్రాబాద్‌లో వందే భారత్ ఎక్కితే మధ్యాహ్న భోజనానికి ఒంగోలులో ఉంటారు. చెన్నై నుంచి విజయవాడ వైపు పోయే వందే భారత్ కూడా అక్కడ ఆగుతుంది. నెల్లూరు, కావలి, కందుకూరు వాళ్లకి బస్సు చాలు, హాలు అద్దె తక్కువ, ఆటోలో పది నిమిషాల్లో ఎక్కడికైనా చేరొచ్చు. హైదరాబాదు పిల్లలు "అంత దూరం ఎలా రావాలి" అని గొణిగితే, జేజిని హైదరాబాదుకి తీసుకుపోయి తిరిగి దించే పని వాళ్లకే అప్పజెప్తామని గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి.