ఇంటి వంటతో బయటికి వెళ్లేటప్పుడు

స్నేహితులతో బయటికి వెళ్లే రోజున ఇంటి వంట తీసుకువెళ్లదలచుకుంటే, ముందుగా సమయాన్ని లెక్క వేసుకోవాలి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి కనుక, వండిన పదార్థాన్ని బయట 2 గంటలకు మించి, వేడి 32 డిగ్రీలు దాటిన రోజున గంటకు మించి ఉంచకూడదు. వేడిగా తినవలసినదాన్ని, మరిగిన నీళ్లు పోసి కాసేపటికి వంపేసిన ఫ్లాస్కులో, పొగలు కక్కుతుండగానే నింపి మూత బిగించాలి. చల్లనివాటిని ఐసు ప్యాకులతో విడిగా సర్దాలి. వేరుశనగ, పాలు, గోధుమ వంటివి కొందరికి పడవు. అడిగినా మొహమాటంతో చెప్పనివారుంటారు గనుక, వాడిన దినుసులన్నీ చీటీపై రాసి డబ్బాకు అంటించడమే నాకు నమ్మకమైన పద్ధతిగా తోస్తుంది. ఇద్దరికి సరిపడా ఎక్కువ వండితే, పక్కన ఒంటరిగా కూర్చున్నవారిని పిలవడానికి వెనుకాడనక్కరలేదు.