రీడింగ్ రూమ్‌లో కళ్లమంట, మెడనొప్పి: అసలు కారణం ఎక్కడుంది?

సాయంత్రానికి కళ్లు మండుతున్నాయి, తల బరువెక్కుతోంది

ఎక్స్‌రేలు, స్కాన్లు కంప్యూటర్ తెర మీద చూసి రిపోర్టు రాసే రేడియాలజిస్టుల గదే రీడింగ్ రూమ్. అక్కడ ముందుగా వెలుతురు చూసుకోండి. మానిటర్ ఆపేసి, రోజూ కూర్చునే చోటే కూర్చొని ఆ నల్లటి తెరలోకి చూడండి. వెనక ట్యూబ్‌లైటు, కిటికీ, మీ తెల్లకోటు కనిపిస్తున్నాయా? రోజంతా మీరు చూసే ఛాతీ ఎక్స్‌రేల మీద అవే పరుచుకొని ఉంటాయి. న్యూమోథొరాక్స్‌ను (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) చూపే సన్నగీత వాటిలో కలిసిపోతే నష్టం పేషెంటుకి.

అలాగని గదిని చిమ్మచీకటి చేయొద్దు. వెలిగే తెరకీ చీకటి గోడకీ మధ్య కళ్లు మాటిమాటికీ సర్దుకోలేక అలసిపోతాయి. 25 నుంచి 50 లక్స్ వెలుతురు చాలు. మానిటర్ వెనక గోడ మీద పడేలా డిమ్మర్ ఉన్న చిన్న లైటు పెట్టించండి. కిటికీకి మందపాటి కర్టెన్ వేసి, అది మీకు ఎదురుగానో వెనకో కాకుండా పక్కకు వచ్చేలా టేబుల్ తిప్పండి.

కళ్లలో ఇసుక పడ్డట్టుంది

తెర చూస్తూ రెప్పవేయడం తగ్గిపోతుంది. దానికి ఏసీ గాలి తోడవుతుంది. కర్నూలు ఎండల్లో ఏసీ ఆపమని ఎవరం చెప్పలేం. గాలి ముఖానికి తగలకుండా రెక్కలు తిప్పితే చాలు. 20 నిమిషాలకోసారి తల ఎత్తి 20 అడుగుల దూరం, 20 సెకన్లు చూడండి.

కుర్చీ మార్చినా మెడనొప్పి తగ్గలేదు

నాకూ ఇదే జరిగింది. ఖరీదైన కుర్చీ కొన్నాను, నొప్పి అలాగే ఉంది. ఒకరోజు మా టెక్నీషియన్ అన్నాడు: "మేడమ్, స్కాన్ చూసేటప్పుడు గడ్డం పైకెత్తుతున్నారు." దూరానికీ దగ్గరకీ ఒకే అద్దంలో పవరుండే ప్రోగ్రెసివ్ కళ్లజోడు కింది భాగంలోంచి చూడాలని నాకు తెలియకుండానే మెడ వెనక్కి వంచుతున్నాను! తెర దించాను, చేయిచాపు దూరానికి సరిపడేలా వేరే కళ్లజోడు చేయించుకున్నాను. రెండు వారాల్లో హాయిగా అనిపించింది.

వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

ఏ వేళ్లో గమనించండి. చిటికెన, ఉంగరం వేళ్లయితే, మోచేయి టేబుల్ అంచుకు ఒత్తుకుంటోందేమో చూడండి. అక్కడ చర్మం మీద ఎర్రటి చార పడి ఉండవచ్చు. అంచుకు మెత్త వేసి, కుర్చీ చేతులను టేబుల్ ఎత్తుకు తెండి. బొటనవేలు, చూపుడు, మధ్యవేలయితే మౌస్ మీద మణికట్టు పైకి వంగుతోందేమో చూడండి. సీటీ సిరీస్ (ఒక స్కాన్‌లోని చిత్రాల వరుస) అంతా మౌస్ చక్రంతోనే తిప్పకుండా కీబోర్డ్ షార్ట్‌కట్లు పెట్టుకోండి. రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా నరాల డాక్టర్‌కు చూపించుకోండి.