ఉప్పునీటి గుంటల్లో లోహం మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట తీరంలో రొయ్యల గుంటలు చేసేవాళ్లకు తెల్లవారుజామున ఫోన్ మోగితే టెన్షనే. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అది. అప్పుడు ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఆగిందని పరిగెత్తి చూస్తే మోటారు బాగానే ఉంటుంది, ఏ బోల్టో తీగో పోయి ఉంటుంది.

సమస్య: మోటారు టెర్మినల్ దగ్గర వైరు పుటుక్కున తెగుతోంది

కారణం: రాగిలో ప్రతి పరమాణువూ తన బయటి ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది. అవన్నీ కలిసి, ఎవరికీ సొంతం కాని ఊరుమ్మడి చెరువు నీళ్లలా, తీగంతా తిరుగుతూ పరమాణువులన్నిటినీ పట్టి ఉంచుతాయి. కరెంటు పారేది వాటివల్లే. తీగ వంగేది కూడా వాటివల్లే: వరసలు ఒకదాని మీద ఒకటి జారినా పట్టు పోదు. ఉప్పుగల్లు అలా కాదు, దెబ్బ తగిలితే పగిలిపోతుంది.

అయితే ఒకే చోట పదేపదే వంచితే ఆ జారుళ్లు ఒకదానికొకటి చిక్కుపడతాయి. ఒంటి తీగ ముక్క తీసుకుని చేత్తో వంచి చూడండి. మొదట మెత్తగా వంగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది, ఆపైన విరుగుతుంది. ఆగకుండా వణికే మోటారు ఇదే పని రోజూ చేస్తుంది.

పరిష్కారం: మెయిన్ ఆపేసి, గట్టిపడిన కొసను కత్తిరించి, కొత్తగా ఒలిచి, రాగి లగ్గు (వైరు కొసకు తొడిగే ముక్క) వేసి క్రింప్ చేయండి, అంటే నొక్కి బిగించండి. ఒంటి తీగ వద్దు, సన్నపోగుల వైరు వాడండి. వైరును ఫ్రేముకి క్లిప్పుతో కట్టేస్తే వణుకు కొసదాకా రాదు.

సమస్య: ఎస్.ఎస్. (స్టెయిన్‌లెస్ స్టీలు) బోల్టుకి ఎర్ర మచ్చలు, గుంతలు

కారణం: స్టెయిన్‌లెస్ అంటే ఇనుములో క్రోమియం కలిపిన మిశ్రమం. క్రోమియం గాలి తగలగానే పైన కంటికి కనపడని ఆక్సైడ్ పొర కడుతుంది. ఉప్పునీటిలోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా పొడిచి లోపలికి దూరుతుంది. మామూలు 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం. వంటింటికి అది చాలు, మన గుంటకి చాలదు. 316లో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. ఈ పొడుపుల్ని అడ్డుకోవడంలో దాని సాయం పెద్దది.

అయస్కాంతం అంటకపోతే మంచి సరుకని షాపులో అంటే నమ్మకండి. నికెల్ తగ్గించి మాంగనీస్ వేసిన చవక 202కి కూడా అయస్కాంతం అంటదు. తయారీలో నలిగిన మంచి 304 బోల్టుకేమో కొంచెం అంటుకోవచ్చు.

పరిష్కారం: బోల్టు తల చూడండి. ఏ2 అని ఉంటే 304 జాతి, ఏ4 అంటే 316 జాతి. ఏ4 అడిగి తీసుకోండి. జీఐ (జింకు పూత వేసిన ఇనుము) ఫ్రేముకి బిగించేటప్పుడు మధ్యలో నైలాన్ వాషరు, బుష్ (తొడుగు) వేయండి. లేకపోతే ఎస్.ఎస్. బాగానే ఉండి పక్కనున్న జీఐ తినేసుకుపోతుంది. పట్టుబడి అయ్యాక అన్నిటినీ మంచినీళ్లతో కడగండి. వాషరు సందుల్లో ఉప్పు నిలిస్తే 316 కూడా తట్టుకోలేదు.

సమస్య: ఇత్తడి వాల్వు ఎర్రబడి పొడిలా రాలుతోంది

కారణం: మొన్న మైపాడు వైపు ఒక వాల్వును స్క్రూడ్రైవర్‌తో గీరాను. పసుపు రంగు పోయి, తడిసిన ఇటుకలా ఎర్రగా, మెత్తగా వచ్చింది. ఇత్తడి రాగి, జింకుల కలయిక. ఉప్పునీరు జింకును లాగేసుకుంటే మిగిలేది చిల్లుల రాగి. చూడ్డానికి వాల్వు ఆకారం అలాగే ఉంటుంది, బలం మాత్రం ఉండదు.

పరిష్కారం: అతుకులు వేయకుండా గన్‌మెటల్ వాల్వు పెట్టండి. పాత లెక్కలో అది 88 పాళ్లు రాగి, 10 తగరం, 2 జింకు. తగరం పరమాణువు రాగి కంటే పెద్దది. అది వరసల మధ్య ఇరుక్కుని వాటిని జారనివ్వదు. పంపు బుష్ గన్‌మెటల్‌ది అయితే త్వరగా అరగకపోవడానికి కారణం అదే. ఆ ఇరుకే ఎలక్ట్రాన్ల దారికీ అడ్డు. ఇత్తడిలోనూ అంతే, కరెంటు రాగిలో పారేదానిలో నాలుగో వంతుకు కాస్త అటూఇటూ మాత్రమే పారుతుంది. కాబట్టి గన్‌మెటల్ నీళ్ల వైపు ఉండనివ్వండి, వైరు వైపు శుద్ధమైన రాగే వాడండి.