ఫస్టియర్‌లో సబ్జెక్టులు పోయి కాలేజీ మారాలనుకుంటున్నావా, ముందు ఇది చదువు

నాకు బీటెక్ ఫస్టియర్ రెండు సెమిస్టర్లలో కలిపి ఏడు సబ్జెక్టులు పోయాయి. మాది పలాస దగ్గర పల్లె, ఇంటర్ దాకా తెలుగు మీడియం. సీటు గోదావరి జిల్లాల వైపు వచ్చింది, హాస్టల్లో పడ్డాను, క్లాసులో సార్ ఇంగ్లీషులో ఏం చెబుతున్నారో సగం తెలిసేది కాదు, మిగతా సగం సమయం ఫోన్ తినేసింది. కాలేజీ పేరు ఎందుకులే, తప్పులో పెద్ద వాటా నాదే. సెకండియర్‌కి విజయనగరం వైపు కాలేజీకి మారాను. మారడం మంచిదే అయింది గానీ, కొన్ని సంగతులు ముందే తెలిసి ఉంటే నాకు ఒక ఎండాకాలమంతా టెన్షన్ తప్పేది.

మొదట తేల్చుకోవాల్సింది ఒకటే. నువ్వు ఫెయిలయ్యావా, డిటెయిన్ అయ్యావా? మన వాళ్లు రెండిటినీ ఒకే మాటగా వాడేస్తారు, కానీ వాటికి చాలా తేడా ఉంది. హాజరు 75 శాతం ఉండాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపించి కండొనేషన్ ఫీజు కడితే వదిలేస్తారు, 65 కన్నా తగ్గితే డిటెయిన్, ఆ సెమిస్టర్ మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. హాజరు సరిపోయి సబ్జెక్టులు మాత్రమే పోతే జేఎన్‌టీయూ (మన ఇంజినీరింగ్ కాలేజీలు ఎక్కువ ఉన్న టెక్నికల్ యూనివర్సిటీ) పద్ధతిలో సెకండియర్‌కి వెళ్లిపోవచ్చు. క్రెడిట్ల (పాసైన సబ్జెక్టులకు వచ్చే పాయింట్ల) లెక్క సెకండియర్ నుంచి థర్డియర్‌కి వెళ్లేటప్పుడు అడ్డొస్తుంది, అక్కడ 40 శాతం క్రెడిట్లు అడుగుతారు. నీ రెగ్యులేషన్, అంటే నీ బ్యాచ్‌కి వర్తించే నిబంధనల పుస్తకం, ఏదో (ఆర్20, ఆర్23, మార్కుల మెమో మీదే ఉంటుంది) చూసి, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఆ పుస్తకం దించుకుని ప్రమోషన్ నిబంధనలున్న రెండు పేజీలు చదువు. సీనియర్ చెప్పింది నమ్మకు, వాడి రెగ్యులేషన్ వేరే కావచ్చు.

తర్వాత మెమోలు ముందేసుకుని కూర్చో. ఇంటర్నల్ (కాలేజీ పెట్టే పరీక్షలు) 30 మార్కులు, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పెద్ద పరీక్ష) 70. పాసవ్వాలంటే ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, అంటే 25 మార్కులు, మొత్తం కలిపి 40 రావాలి. సప్లీ (పోయిన సబ్జెక్టుకి మళ్లీ పెట్టే పరీక్ష) రాసినా ఇంటర్నల్ మార్కులు పాతవే ఉంటాయి. కాబట్టి ఇంటర్నల్‌లో 15 దాటిన సబ్జెక్టుకి బయట 25 తెచ్చుకుంటే చాలు, ఇంటర్నల్ 8 వచ్చినదానికి 32 కావాలి. నా ఏడింటిలో నాలుగు మొదటి రకమే అని ఈ లెక్క వేశాకే తెలిసింది. వేయకముందు నా దృష్టిలో ఏడూ ఒకే కొండ. ఆ నాలుగూ సప్లీలో లేచిపోయాయి, మ్యాథ్స్ రెండూ, డ్రాయింగూ మిగిలాయి.

ఇంత లెక్క ఎందుకంటే, కాలేజీ మారితే బ్యాక్‌లాగులు, అంటే ఇంకా పాసవ్వని సబ్జెక్టులు, పోవు. నీతో పాటే బస్సెక్కి వస్తాయి. చాలామంది మారడమంటే కొత్త నోట్‌బుక్ తెరవడం అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. జేఎన్‌టీయూ నిబంధన ఏమంటుందంటే, వేరే చోటు నుంచి వచ్చిన విద్యార్థి పోయిన సబ్జెక్టులకు ఇక్కడ సమానమైనవి పాసవ్వాలి, అంతేకాదు, ఇక్కడ ఫస్టియర్‌లో ఉండి అక్కడ తాను చదవని సబ్జెక్టులు కూడా పాసవ్వాలి. ఆ రెండో ముక్క ఎవరూ చెప్పరు. నేను మూడు బ్యాక్‌లాగులతో వచ్చాను, చేరిన నెలకి అవి ఐదయ్యాయి! అటానమస్ కాలేజీకి మారితే ఈ బెడద ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్ల సిలబస్ వాళ్లదే. అందుకని దరఖాస్తు పెట్టకముందే రెండు కాలేజీల ఫస్టియర్ సబ్జెక్టుల జాబితాలు పక్కపక్కన పెట్టి, పేరు కాదు, లోపలి యూనిట్లు పోల్చుకో. కెమిస్ట్రీ అక్కడ మొదటి సెమిస్టర్లో, ఇక్కడ రెండో దాంట్లో ఉంటే ఫరవాలేదు, అసలు లేకపోతేనే తంటా.

ట్రాన్స్‌ఫర్ ఎలా జరుగుతుందంటే, ఏడాది మధ్యలో కాదు, సెకండియర్ మొదలయ్యేటప్పుడు. వెళ్లే కాలేజీలో నీ బ్రాంచిలో సీటు ఖాళీ ఉండాలి, రెండు కాలేజీలూ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) ఇవ్వాలి, పైనుంచి అనుమతి రావాలి. ఒకే యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలైతే కాగితాలు ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతాయి. మనకో మెలిక ఉంది. విజయనగరంలో ఉన్న జేఎన్‌టీయూ గురజాడ 2022లో జేఎన్‌టీయూ కాకినాడ నుంచి విడిపోయింది, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు కాలేజీలు దాని కిందికి వచ్చాయి. నేను కాకినాడ కిందనున్న కాలేజీ నుంచి వచ్చాను కాబట్టి రెండు యూనివర్సిటీల మధ్య మార్పు అయింది, రెండు చోట్లా ఎన్‌ఓసీ. ఆ ఏడాది ట్రాన్స్‌ఫర్ల నోటిఫికేషన్ ఎప్పుడు పడిందో, చివరి తేదీ ఏదో చూసుకుంటూ ఉండు, తేదీ దాటితే ప్రిన్సిపాల్ కూడా ఏం చేయలేడు. కొత్త కాలేజీ నుంచి 'సీటు ఖాళీ ఉంది, తీసుకుంటాం' అని కాగితం చేతికి వచ్చాకే పాత కాలేజీలో నోరు తెరువు. నోటిమాట మీద టీసీ తీసుకుని, సీటు దొరక్క రెండు చోట్లా లేకుండా పోయినవాణ్ణి మా హాస్టల్లోనే చూశాను.

డబ్బు సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నవాళ్లు ముందు రెండు కాలేజీల స్కాలర్‌షిప్ సెక్షన్లలోనూ కనుక్కోవాలి. అది కన్వీనర్ సీటు (ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటు) వాళ్లకే వస్తుంది, మారేటప్పుడు నిన్ను ఏ కోటాలో చూపిస్తారో తెలుసుకో. మేనేజ్‌మెంట్ కోటాలో పడేస్తే మిగతా మూడేళ్లూ ఇంటి మీద భారం. దీనికీ 75 శాతం హాజరు కావాలి. ఇంకోటి, అంతా వదిలేసి మళ్లీ ఈఏపీసెట్ రాసి కొత్తగా బీటెక్‌లో చేరదామనుకుంటే, ఒకసారి ఫీజు తీసుకున్న స్థాయి కోర్సుకే రెండోసారి ఇవ్వరు. ఇది తెలియక చేరి, తర్వాత పొలం తాకట్టు పెట్టినవాళ్లున్నారు.

సర్టిఫికెట్ల దగ్గర గొడవ దాదాపు తప్పదు. 'నాలుగేళ్ల ఫీజూ కట్టి తీసుకెళ్లు' అంటారు. సీటు రద్దు చేసుకునే విద్యార్థి దగ్గర రాబోయే ఏళ్ల ఫీజు అడగకూడదని, ఒరిజినల్స్ ఆపకూడదని ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలను నియంత్రించే కేంద్ర సంస్థ) నిబంధనలు ఉన్నాయి, యూనివర్సిటీలను చూసే యూజీసీ కూడా 2018లో అదే చెప్పింది. చదివిన ఏడాది బకాయి మాత్రం నీదే, హాస్టల్, లైబ్రరీ, ల్యాబ్ అన్నీ తీర్చి నో డ్యూస్ మీద సంతకాలు చేయించుకో. అరవకు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, జిరాక్స్ మీద తేదీతో స్టాంపు వేయించుకుని రా. నేను మూడుసార్లు తిరిగాను, నాలుగోసారి ఆ స్టాంపు కాగితం చూపిస్తే అరగంటలో ఇచ్చారు. తీసుకోవాల్సినవి: టీసీ, కాండక్ట్, స్టడీ సర్టిఫికెట్, అన్ని మెమోలు, పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్, ఆ కాలేజీ ఫస్టియర్ సిలబస్ కాపీ మీద కాలేజీ ముద్ర. చివరిది మర్చిపోతే సమానత తేల్చేటప్పుడు మళ్లీ అక్కడికే పోవాలి.

అసలు మారాలా వద్దా? నిజం చెప్పాలంటే, కాలేజీ దూరమై, భాష అర్థం కాక, ఒంటరిగా ఉండి పోయినవాళ్లకి మారడం పనికొస్తుంది. నాకు ఇంటి నుంచి ట్రైన్‌లో వెళ్లొచ్చేంత దగ్గరవడమే సగం మందు. ఫోన్ వల్ల, తిరుగుళ్ల వల్ల పోతే విజయనగరంలోనూ ఫోన్ ఉంటుంది. ఇంజినీరింగే పడకపోతే ఇంకో కాలేజీ వెతక్కు, డిగ్రీలో చేరు. ఒక ఏడాది పోతే పోనీ. విజయనగరంలో మహారాజా కాలేజీ ఉంది, శ్రీకాకుళం వైపు డిగ్రీ కాలేజీలు ఎచ్చెర్లలోని అంబేడ్కర్ యూనివర్సిటీ కింద ఉన్నాయి, అడ్మిషన్లు ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లోనే జరుగుతాయి. 'బీటెక్ వదిలి బీఎస్సీనా' అనే చుట్టాలు ఉంటారు, వాళ్లెవరూ నీ సప్లీ ఫీజు కట్టరు.

ఇంట్లో చెప్పడం అన్నిటికన్నా కష్టం. నేను నాలుగు నెలలు దాచాను. చివరికి చెప్పిన రోజు నాన్న అన్నం తింటూ తలెత్తి, "ఏట్రా, ఏడు పోయాయా? మరి రాసినవెన్ని?" అన్నారు. మా చిన్నాన్నకి నవ్వొచ్చేసింది, నాకు ఏడుపొచ్చింది. లెక్క వేసిన కాగితం చూపించాను. ఏది ఎప్పుడు రాస్తానో, సప్లీకి ఎంతవుతుందో, మారితే ఎంత మిగులుతుందో అన్నీ అందులో ఉన్నాయి. ఆయనకి సబ్జెక్టుల పేర్లు తెలియవు గానీ లెక్క తెలుసు. ఫలితాలు వచ్చిన రోజు కాక, ఇలా ఒక కాగితంతో కూర్చుని చెప్పు. కాళ్లు వణికితే చిన్నాన్ననో మావయ్యనో పక్కన కూర్చోబెట్టుకో.

కొత్త కాలేజీలో మొదటి వారమే ఎగ్జామ్ సెక్షన్‌కి వెళ్లి, నేను అదనంగా రాయాల్సిన సబ్జెక్టులు ఏవి అని రాతలో తీసుకో, వచ్చే సప్లీ నోటిఫికేషన్‌కే వాటికి ఫీజు కట్టు. సెకండియర్ పాఠాల మధ్య ఫస్టియర్ మ్యాథ్స్ చదవడానికి ఆదివారాలే దొరుకుతాయి, ఆదివారం పొద్దున్న పెట్టుకో, సాయంత్రం పెట్టుకుంటే జరగదు. బోనఫైడ్ (నువ్వు ఆ కాలేజీ విద్యార్థివనే సర్టిఫికెట్) రెండు తీసుకుంటే ఒకటి ఆర్టీసీ పాస్‌కి పనికొస్తుంది (ఆడపిల్లలకు 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్టుకి డబ్బే కట్టక్కర్లేదు, వాళ్లకి ఆధార్ చాలు), రెండోది స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఇచ్చేసెయ్.