టర్కీ పిల్లని మచ్చిక చేసుకోవాలంటే మొదటి రెండు వారాలే అసలు పని

ముందు ఒక విషయం తేల్చుకోండి, కూరకి పెంచుతున్నారా లేక పెంచుకోడానికి పెంచుతున్నారా. మా గోదావరి పక్క ఊళ్లలో చాలామంది క్రిస్మస్‌కో సంక్రాంతికో అని టర్కీ పిల్లల్ని తెచ్చుకుంటారు, నాలుగైదు నెలలయ్యేసరికి ఆ పుంజు మన బండి చప్పుడు గుర్తుపట్టి గేటు దాకా వచ్చి నిలబడుతుంది, ఇక ఆ తర్వాత కత్తి పట్టుకోడానికి ఎవరికి చేతులొస్తాయి చెప్పండి. మా ఇంట్లో ఆ గొడవ పడ్డాం, పిల్లలు రెండ్రోజులు అన్నం తినలేదు. అందుకే తెచ్చిన రోజే అందరూ కూర్చుని మాట్లాడుకోండి, పెంచుకోడానికే అనుకుంటే బాగా చూస్తే పదేళ్ల దాకా కూడా మీతో ఉంటుంది. పెద్ద ఫారాలకి ఇచ్చే తెల్ల బరువు రకం వద్దు, అవి ఒళ్లు పెరిగిపోయి కాళ్లు బరువు మోయలేక త్వరగా చచ్చిపోతాయి, కంచు రంగువో నల్లవో నాటుగా ఉండేవి తెచ్చుకోండి.

ఒక్క పిల్లని మాత్రం ఎప్పుడూ తేవద్దు. కనీసం మూడు. ఎందుకో కింద చెప్తాను, అది నేను చేసిన తప్పు.

టర్కీ పిల్ల గుడ్డులోంచి వచ్చిన మొదటి కొన్ని రోజుల్లో ఎవరు దగ్గరుంటే వాళ్లే దానికి అమ్మ. మామూలు కోడిపిల్లకీ ఈ గుణం ఉంది కానీ టర్కీకి మరీ ఎక్కువ. ఇంకో సంగతేంటంటే వీటికి తిండి నీళ్లు ఎక్కడున్నాయో వాటంతట అవి కనుక్కోవడం సరిగ్గా రాదు, ఎదురుగా దాణా ఉన్నా తినక చచ్చిపోయే పిల్లలుంటాయి, కాబట్టి మనం తినిపించాలి, బంధం మొదలయ్యేది అక్కడే. ప్లేటులో దాణా పోసి మీ చూపుడు వేలుతో టక్ టక్ అని కొట్టండి తల్లికోడి ముక్కుతో పొడిచినట్టు, వాటి ముక్కు నీళ్లలో ఒకసారి ముంచి చూపించండి. నీళ్ల ప్లేటు లోతు తక్కువుండాలి, అందులో రంగు గోలీలు నాలుగు వేయండి, మెరిసేది కనిపిస్తే పొడుస్తాయి, పొడిస్తే నీళ్లు తాగేస్తాయి, మునిగిపోకుండానూ ఉంటాయి. లీటరు నీళ్లలో 100 మిల్లీలీటర్ల పాలు కలిపి, పది పిల్లలకి ఒక ఉడికించిన గుడ్డు చొప్పున మెత్తగా నలిపి మొదటి రెండు వారాలు పెడితే బాగా నిలదొక్కుకుంటాయి. ఈ పని చేసేటప్పుడు ప్రతిసారీ ఒకే పిలుపు పిలవండి, మేం "దా దా దా" అంటాం, పెద్దయ్యాక ఆ పిలుపుకి చేను అవతల నుంచి పరిగెత్తుకొస్తాయి.

వేడి విషయం చెప్పాలి. గంప కిందో అట్టపెట్టెలోనో బల్బు పెట్టి మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి, మన ఎండాకాలంలో పగలు బల్బే అక్కర్లేదు. థర్మామీటర్ లేకపోతే పిల్లల్నే చూడండి, గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, బల్బుకి దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. కింద పేపర్ వేయకండి జారి కాళ్లు పక్కకి పోతాయి, ఊక వేసి దానిమీద కొన్నాళ్లు గోనెసంచి పరవండి, లేకపోతే ఊకనే తినేస్తాయి.

తిండి దగ్గర అందరూ పడే పొరపాటు, బ్రాయిలర్ కోళ్ల దాణా తెచ్చి పెట్టేయడం. టర్కీ పిల్లకి మొదట్లో 28 శాతం దాకా ప్రొటీన్ కావాలి, కోడి దాణాలో అంత ఉండదు. దానికంటే పెద్ద ప్రమాదం, కొన్ని కోడి దాణాల్లో సాలినోమైసిన్, నరసిన్ అని మందులు కలుపుతారు, కోళ్లకి అవి పర్లేదు కానీ టర్కీలకి విషం, కాళ్లు పడిపోయి చచ్చిపోతాయి. బస్తా మీద లేబుల్ చదవకుండా కొనకండి, దయచేసి. తోటకూర, మునగాకు, నీళ్ల మీద తేలుతూ పెరిగే అజొల్లా, మిడతలు, చెదపురుగులు ఇవన్నీ ప్రాణం వాటికి. నాలుగో వారం నుంచి మునగాకు కట్ట చేత్తో పట్టుకుని కూర్చుంటే చాలు, మీ చుట్టూ చేరిపోతాయి.

ఇప్పుడు ఆ ఒక్క పిల్ల కథ. మేం మొదట ఒక్కదాన్నే తెచ్చాం, బుజ్జోడు అని పేరు. నేను పక్క గదిలోకి వెళ్లినా గొంతు చించుకుని అరిచేవాడు, అది తప్పిపోయిన పిల్ల అరుపు, ఒకసారి వింటే ఇక మర్చిపోలేం. ముద్దుగానే ఉంది కదా అని భుజమ్మీద వేసుకుని తిరిగాను. ఏడాది తిరిగేసరికి వాడికి తను టర్కీనని తెలియదు, పురి విప్పి రెక్కలు నేలకి రాస్తూ నా చుట్టూ తిరిగేవాడు, ఇంటికొచ్చిన మగవాళ్లందర్నీ పోటీ పుంజులనుకునేవాడు. పాలబ్బాయి మీదకి ఎగిరాడు, తర్వాత మా అత్తమ్మ కాలు గీరాడు, ఆవిడ నెల్రోజులు దొడ్లోకి రాలేదు. వాడి తప్పు కాదది, తోడు లేకుండా పెంచిన నాది. తర్వాత రెండు పెట్టల్ని తెచ్చి వేరే దడి కట్టి ఎదురెదురుగా ఉంచి, నేను దగ్గరికి వెళ్లడం తగ్గించి, నెల తర్వాత కలిపితే అప్పుడు కుదురుకున్నాడు. కాబట్టి చిన్నప్పుడు ఎంత దగ్గరికి తీసుకున్నా సరే, సాటి పిల్లల మధ్యే పడుకోనివ్వండి, మీరు వాటికి అమ్మ కావచ్చు కానీ వాటి గుంపు మీరొక్కరే కాకూడదు.

పుంజు మీ మీదకి వచ్చిందనుకోండి, పరిగెత్తకండి, కొట్టకండి కూడా. పరిగెడితే గెలిచాననుకుంటుంది, కొడితే యుద్ధమే అనుకుంటుంది. రెండు చేతులు చాపి నెమ్మదిగా దానివైపే నడవండి, అదే వెనక్కి తగ్గుతుంది, తగ్గకపోతే వీపు మీద రెండు చేతులూ వేసి మెల్లగా కూర్చోబెట్టి రెక్కలు కదలకుండా పట్టుకుని ఊపిరి నెమ్మదించేదాకా ఉండండి. చిన్న పిల్లల్ని మాత్రం ఎద కాలంలో పుంజు దగ్గర ఒంటరిగా వదలొద్దు, కళ్ల ఎత్తుకి ఎగురుతుంది.

టర్కీ మనసు తెలుసుకోవాలంటే మొహం చూడాలి. జహంగీర్ పాదుషాకి 1612లో గోవా నుంచి ఒక టర్కీ పుంజు తెచ్చిచ్చారు, ఆయన దాని తల క్షణానికో రంగు మారడం చూసి ఊసరవెల్లిలా ఉందని రాసుకున్నాడు, తన కొలువులో చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ చేత బొమ్మ వేయించాడు, ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పాదుషా అంత శ్రద్ధగా చూశాడంటే మనం రోజూ గడిపేవాళ్లం ఇంకెంత చూడాలి. పురి విప్పినప్పుడు నెత్తి తెల్లగా చెంపలు నీలంగా ఉంటాయి, కోపంలో మెడంతా ఎర్రగా కాలిపోతున్నట్టు ఉంటుంది. ముక్కు మీద తొండం లాంటిది ఉంటుంది కదా, ప్రశాంతంగా ఉంటే అది చిన్నదైపోయి కొమ్ములా నిలబడుతుంది, ఉద్రేకంలో ముక్కు దాటి కిందకి వేలాడుతుంది. ఏ గొడవా లేకుండా తల పాలిపోయి ఉందంటే భయమో జబ్బో, వెంటనే పట్టుకుని చూడండి. పిల్లిలా గురగుర అంటే తృప్తి, పుట్ పుట్ అని తెగ్గొట్టినట్టు అంటే పామో కుక్కో గద్దో ఏదో వచ్చిందని, ఆ చప్పుడు వినగానే లేచి వెళ్లి చూడాల్సిందే, మా పెట్ట ఒకసారి అలా అరిచి గడ్డివాము దగ్గర తాచుపాముని చూపించింది.

తాకడం ఎక్కడ ఇష్టమంటే రెక్కల కింద, రొమ్ము మీద. నేల మీద కూర్చోండి ముందు, నిలబడి మీద నుంచి చెయ్యి దించితే గద్ద అనుకుని బెదురుతుంది. పక్క నుంచి చెయ్యి పెట్టి రొమ్ము ఈకల్లోకి వేళ్లు పోనిచ్చి మెల్లగా గోకితే రెక్కలు వదిలేసి కళ్లు మూసుకుని ఒళ్లోనే నిద్రపోతాయి, ఆ బరువు ఆ వెచ్చదనం అనుభవించినవాళ్లకి తెలుస్తుంది.

నాటుకోళ్లతో కలిపి ఉంచకండి. కోళ్లకి పెద్దగా ఏమీ చెయ్యని ఒక క్రిమి వాటి పేగుల్లో పురుగుల గుడ్ల ద్వారా మట్టిలోకొచ్చి టర్కీలకి బ్లాక్‌హెడ్ అనే జబ్బు తెస్తుంది, లివర్ పాడైపోతుంది, రెట్ట గంధకం రంగులో పసుపుగా పడితే ఆలస్యం చేయొద్దు. మాకు ఒక పెట్ట అలాగే పోయింది, కోళ్లు తిరిగిన దొడ్డి అని తెలియక. కొక్కెర తెగులుకీ మశూచికీ టీకాలు ఎప్పుడెప్పుడో పశువుల డాక్టర్ని అడిగి పిల్లలప్పుడే వేయించండి. షెడ్డు కట్టిన మేస్త్రీ వదిలేసిన మేకులు, తీగముక్కలు, బాటిల్ మూతలు ఏరిపారేయండి, మెరిస్తే చాలు మింగేస్తాయి, కడుపులో గుచ్చుకుంటే బతకవు.

ఒక మూల ఇసుకలో పొయ్యి బూడిద కలిపి పొయ్యండి, అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి. సాయంత్రం ఎండ తగ్గాక రోజూ ఒకే టైముకి ఒక అరగంట వాటి మధ్య పీట వేసుకుని కూర్చోండి, ఏమీ చేయక్కర్లేదు, ఫోన్ లోపల పెట్టి వెళ్లండి. మా బుజ్జోడు ఇప్పటికీ పీట చప్పుడు వినగానే పెట్టల్ని వదిలి వచ్చి నా మోకాలికి రొమ్ము ఆనించి కూర్చుంటాడు, చీకటి పడగానే తనే లేచి వెదురు దండెం ఎక్కి పెట్టల పక్కన పడుకుంటాడు.