సొంతంగా ఒక సైడ్ స్క్రోలర్ గేమ్: ముందు డబ్బాని దూకించండి, బొమ్మలు తర్వాత

మారియో టైపు గేమ్ ఒకటి సొంతంగా చేద్దాం అనుకునే వాళ్ళకి నేను ముందు చెప్పేది ఒకటే, బొమ్మల జోలికి పోకండి. హీరో ఎవడు, వాడి షర్ట్ కలర్ ఏంటి, లాస్ట్‌లో బాస్ ఎట్లుంటడు, ఇవన్నీ పక్కన పెట్టి ఒక తెల్ల డబ్బాని నేల మీద నడిపించి దూకించండి. ఉత్త డబ్బా దూకుతుంటేనే మజా రావాలి, పక్కనోడు "ఏదీ ఇటియ్యి, నేనొకసారి చూస్తా" అని కీబోర్డ్ లాక్కోవాలి. అది రాకపోతే దాని మీద ఎంత మంచి బొమ్మ అతికించినా వేస్టే.

కథ మాత్రం చిన్నది ఒకటి అనుకోండి, లెవెల్ ఎట్లుండాలో అదే చెప్తది. అడవులు, కోటలు, డ్రాగన్లు చూసీ చూసీ బోర్ కొట్టింది, మన దగ్గరే పెట్టుకుందాం: సంక్రాంతి రోజు, పాతబస్తీ, తెగిన పతంగి ఒకటి గాల్లో పోతుంటే ఒక పిల్లోడు డాబాల మీద నుంచి డాబాల మీదకి దూకుతూ దాని వెనకాల ఉరుకుతున్నడు. వీడు ఎడమ నుంచి కుడికే ఎందుకు పోతున్నడు అని ఎవ్వరూ అడగరు, పతంగి అటే పోతుంది కదా. నీళ్ళ ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, బట్టలారేసిన తీగలు, పావురాల గూళ్ళు, అన్నీ రెడీమేడ్ ప్లాట్‌ఫామ్‌లే. (నిజం డాబాల మీద మాత్రం చేయకండి, ప్రతి పండక్కీ ఎవరో ఒకరు కింద పడుతూనే ఉంటారు.)

టూల్ అంటే నేనైతే గోడాట్ అనే చెప్తా, గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అది. ఫ్రీ, 2014 నుంచి ఓపెన్ సోర్స్, మీ గేమ్ అమ్ముకున్నా వాళ్ళకి ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు. దీనికోసం అమీర్‌పేట్‌లో కోర్సు కట్టాలా అంటే వద్దు, ఆ డబ్బుల్లో కొంత పెట్టి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ తీస్కోండి, ప్రాజెక్ట్ మొదలెట్టేటప్పుడు కంపాటిబిలిటీ రెండరర్ (పాత కంప్యూటర్లకి సరిపోయే ఆప్షన్) సెలెక్ట్ చేస్తే 2డీ గేమ్ దాని మీద హాయిగా నడుస్తది. ఒక్క విషయం జాగ్రత్త, యూట్యూబ్‌లో పాత వీడియోలు చాలా ఉన్నాయి, వాటిల్లో హీరోని కదిలించే భాగానికి కైనమాటిక్ బాడీ 2డీ అని వినిపిస్తే అది గోడాట్ 3 వీడియో అన్నట్టు, 2023లో వచ్చిన 4వ వెర్షన్ నుంచి దాని పేరు క్యారెక్టర్ బాడీ 2డీ. అట్లనే లెవెల్‌ని టైల్స్‌తో, అంటే చిన్న చదరపు ముక్కలతో, కట్టే టైల్ మ్యాప్ పోయి 4.3 నుంచి టైల్ మ్యాప్ లేయర్ వచ్చింది. ఇది తెలియక వీడియోలో ఉన్న బటన్ నాకెందుకు కనిపిస్తలేదని గంటలు గంటలు వెతికేటోళ్ళు బోలెడు మంది.

మొదటి సెట్టింగ్ స్క్రీన్ సైజు. మారియో వచ్చిన పాత నింటెండో మెషీన్ ఫామికామ్‌లో బొమ్మ 256 బై 240 పిక్సెల్సే, మనం ఇప్పటి వైడ్ స్క్రీన్‌కి 320 బై 180 పెట్టుకుందాం. ఎందుకంటే దీన్ని 4 రెట్లు చేస్తే 720పీ, 6 రెట్లు చేస్తే కరెక్టుగా 1080పీ, ఎక్కడా పిక్సెల్ సగానికి చీలదు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో స్ట్రెచ్ మోడ్ వ్యూపోర్ట్, స్కేల్ మోడ్ ఇంటీజర్, టెక్స్చర్ ఫిల్టర్ నియరెస్ట్, ఈ మూడూ పెట్టకపోతే మీ పిక్సెల్ ఆర్ట్ అంతా కళ్ళజోడు తీసేసి చూసినట్టు మసకమసకగా ఉంటది. 1366 బై 768 ల్యాప్‌టాప్‌లో ఫుల్ స్క్రీన్ చేస్తే చుట్టూ కొంచెం నల్ల అంచు వస్తది, లైట్ తీస్కోండి. టైల్ సైజు 16 బై 16, అంటే స్క్రీన్ అడ్డంగా 20 టైల్స్, నిలువుగా 11 చిల్లర.

ఇప్పుడు అసలు సంగతి, జంప్. చాలామంది గ్రావిటీకి ఏదో నంబర్, జంప్‌కి ఏదో నంబర్ వేసి అటూ ఇటూ మార్చుకుంటూ కూర్చుంటారు, ఒకటి మారిస్తే ఇంకోటి చెడుతది. ఉల్టా నుంచి రండి. పిల్లోడు ఎంత ఎత్తు దూకాలి, పైకి చేరడానికి ఎంత టైమ్ పట్టాలి, ఈ రెండే మీరు డిసైడ్ చేయాలి, మిగతాది లెక్క చెప్తది. గ్రావిటీ అంటే 2 × ఎత్తు ÷ (టైమ్ × టైమ్), జంప్ స్పీడ్ అంటే 2 × ఎత్తు ÷ టైమ్. మనోడు 4 టైల్స్ అంటే 64 పిక్సెల్స్ ఎత్తుకి 0.4 సెకన్లలో పోవాలి అనుకుంటే గ్రావిటీ 800, జంప్ స్పీడ్ 320 వస్తది. గోడాట్‌లో వై కిందికి పెరుగుతది కాబట్టి జంప్ స్పీడ్‌కి ముందు మైనస్ పెట్టాలి, లేకపోతే మనోడు పైకి లేవనే లేవడు. ప్రతి ఫిజిక్స్ ఫ్రేమ్‌లో గ్రావిటీని డెల్టాతో (ఒక ఫ్రేమ్‌కి పట్టే టైమ్) గుణించి వెలాసిటీకి (మనోడి స్పీడ్) కలపండి, ఆఖర్న మనోడిని కదిలించే మూవ్ అండ్ స్లైడ్ ఫంక్షన్‌ని పిలవండి, అది డెల్టా లెక్క తనే చూసుకుంటది, మీరు వెలాసిటీని మళ్ళీ డెల్టాతో గుణిస్తే మనోడు నత్తలెక్క నడుస్తడు.

ఇంత చేసినా కొంచెం తేలిపోతున్నట్టు అనిపిస్తది. కిందికి వచ్చేటప్పుడు గ్రావిటీని ఒకటిన్నర రెట్లు చేయండి, 1200. వెంటనే బరువు వచ్చేస్తది. బటన్ ముందే వదిలేస్తే, ఇంకా పైకి పోతూనే ఉంటే, పైకి పోయే స్పీడ్‌ని సగం చేసేయండి, చిన్న నొక్కుకి చిన్న జంప్, పెద్ద నొక్కుకి పెద్ద జంప్. పడే స్పీడ్‌కి ఒక లిమిట్ కూడా పెట్టండి, సెకనుకి 350 దాటొద్దు, లేకపోతే పొడుగు బిల్డింగ్ మీద నుంచి పడేటప్పుడు కంట్రోల్ చేతిలో ఉండదు.

తర్వాత ఆడేటోడి మీద కొంచెం దయ చూపించాలి. డాబా అంచు దాటేశాక కూడా 0.1 సెకను దాకా, అంటే 60 ఫ్రేమ్‌ల లెక్కన 6 ఫ్రేమ్‌లు, జంప్ పనిచేయాలి, దీన్ని కయోటీ టైమ్ అంటారు. అట్లనే నేల తాకడానికి 0.1 సెకను ముందే బటన్ నొక్కేసినా దాన్ని గుర్తుపెట్టుకుని తాకగానే దూకించాలి, ఇది జంప్ బఫర్. ఈ రెండూ ఉన్నట్టు ఎవ్వరికీ తెలియదు, లేకపోతే మాత్రం "నేను నొక్కినా, గేమే తీస్కోలే" అని ప్రతి ఒక్కడూ మీతో కొట్లాటకొస్తడు. అదే లెక్కన మనోడి కొలిజన్ డబ్బా (దేనికైనా తగిలాడా అని చూసే కనిపించని డబ్బా) బొమ్మ కంటే సన్నగా ఉండాలి, 16 వెడల్పు బొమ్మకి 10 చాలు, ముళ్ళ డబ్బా కూడా బొమ్మ కంటే చిన్నదే పెట్టండి. చావు డౌట్‌లో ఉంటే ఆడేటోడి పక్షాన తీర్పు ఇవ్వాలి.

జంప్ ఫిక్స్ అయ్యాకే లెవెల్. నడక స్పీడ్ సెకనుకి 120 పిక్సెల్స్ అనుకోండి, పైకి 0.4, కిందికి 0.33 సెకన్లు, మొత్తం గాల్లో 0.73 దాకా ఉంటడు, అంటే సమానంగా ఉన్న రెండు డాబాల మధ్య సుమారు 87 పిక్సెల్స్, అయిదున్నర టైల్స్ కూడా రావు. సో 3 టైల్స్ సందు ఈజీ, 4 నార్మల్, 5 అంటే గుండె ఆగాలి, 6 పెడితే చాలామంది దాటనే లేరు. మధ్యలో జంప్ నంబర్ మారిస్తే కట్టిన లెవెల్స్ అన్నీ చెడిపోతాయి, అందుకే ఆ ఆర్డర్. బట్టల తీగలకి వన్ వే కొలిజన్ ఆన్ చేయండి, కింద నుంచి దూరిపోయి పైన నిలబడతడు. ఇక చైనా మాంజా, తాకితే చావే. నైలాన్ మాంజాని 2017లో ఎన్జీటీ (నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్) దేశమంతా బ్యాన్ చేసింది కదా, మన గేమ్‌లో విలన్ అదే అవ్వడం న్యాయం. కాకపోతే కనిపించని దారంతో ఫస్ట్ టైమే చంపేస్తే మోసం చేసినట్టు, మొదటి మాంజాని మనోడికి అందనంత పైన కట్టి దానికి తగిలి ఒక పావురం ఈకలు రాలడం చూపించండి, ఒక్క ముక్క రాయకుండానే అర్థమైపోతది.

బొమ్మల టైమ్ ఇప్పుడు వచ్చింది. గీయడం రాకపోతే కెన్నీ సైట్‌లో ఫ్రీ సెట్లు ఉన్నాయి, సీసీ0 లైసెన్స్, అంటే ఎట్లైనా వాడుకోవచ్చు, క్రెడిట్ కూడా తప్పనిసరి కాదు. గీస్తే లిబ్రేస్ప్రైట్ సాఫ్ట్‌వేర్, లేదా బ్రౌజర్‌లోనే పిస్కెల్. రెట్రో లుక్ కావాలంటే అప్పటి కష్టాలు మీ మీద మీరే పెట్టుకోండి: ఫామికామ్‌లో ఒక స్ప్రైట్ (కదిలే బొమ్మ) టైల్‌కి 3 రంగులు, నాలుగోది ట్రాన్స్‌పరెంట్, అంతే. 1985 సూపర్ మారియో మొత్తం 40 కేబీ, అందులో మేఘం, పొద ఒకటే బొమ్మ, రంగు మార్చి వాడుకున్నారు. మనం కూడా ఒకే ట్యాంక్ బొమ్మని నలుపు, నీలం, తెలుపు చేసి ఊరంతా పెట్టేయొచ్చు.

వెనకాల బ్యాక్‌గ్రౌండ్ రెండు లేయర్లు చాలు, దూరం మినార్లు మెల్లగా, దగ్గర బిల్డింగులు కొంచెం ఫాస్ట్‌గా. సౌండ్‌కి జేఎస్ఎఫ్ఎక్స్ఆర్ అని బ్రౌజర్‌లోనే ఉంటది, జంప్ బటన్ నొక్కుతూ పోతే పది రకాలు వస్తాయి, ఒకటి ఏరుకోండి. పతంగి దొరికినప్పుడు మాత్రం కంప్యూటర్ సౌండ్ వద్దు, గల్లీ పిల్లల్ని నలుగుర్ని పిలిచి ఫోన్‌లో "అఫా!" అని అరిపించి రికార్డ్ చేయండి, కిరాక్ ఉంటది.

ఒక్క లెవెల్, రెండు నిమిషాల ఆట, అంతవరకే పూర్తి చేసి ఆ పిల్లలకే ఇవ్వండి. వాళ్ళు ఆడేటప్పుడు మీరు నోరు మూసుకుని వెనకాల నిలబడాలి, "అక్కడ దూకాలి రా" అన్నారంటే టెస్ట్ పాడైనట్టే. ఎక్కడ చచ్చారో పేపర్ మీద గీతలు పెట్టుకోండి, ఒకే సందులో గీతలన్నీ పడితే తప్పు ఆ సందుది. సరిచేశాక వెబ్ ఎక్స్‌పోర్ట్ చేయండి, మెయిన్ ఫైల్ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ ఉండాలి, అన్నీ జిప్ చేసి ఇచ్ డాట్ ఐఓ అనే గేమ్‌ల సైట్‌లో ఫ్రీగా ఎక్కించి లింక్ పంపండి. కోడ్ సీ షార్ప్‌లో కాకుండా గోడాట్ సొంత భాష జీడీస్క్రిప్ట్‌లోనే రాయండి, గోడాట్ 4లో సీ షార్ప్ ప్రాజెక్టులు వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ అవ్వవు. ఫోన్‌లో ఓపెన్ చేసేటోళ్ళే ఎక్కువ ఉంటారు కాబట్టి ఎడమ వైపు రెండు బటన్లు, కుడి వైపు ఒక జంప్ బటన్ టచ్‌కి పెట్టడం మర్చిపోకండి, జంప్ బటన్ మాత్రం పెద్దగా ఉండాలి.