ఏఐ గొంతుతో కోయిర్ ప్రాక్టీస్ ట్రాకులు: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేయాలి

కోయిర్‌లో సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే నాలుగు గొంతులు (పార్టులు) ఉంటాయి; పైనుంచి కిందికి ఇదే వరుస. స్కోరు (స్వరలిపి) ఇస్తే పాడి పెట్టే సింథసైజర్ వి, ఏస్ స్టూడియో లాంటి ఏఐ సాఫ్ట్‌వేర్‌తో ఒక్కో పార్టుకు ప్రాక్టీస్ ట్రాక్ చేసుకోవచ్చు. అది వింతగా పాడితే ముందు గొంతు మార్చేయబుద్ధవుతుంది. ఆగండి, స్కోరు ఫైలు చూడండి. తప్పులు ఎక్కువగా దొరికేది అక్కడే.

అన్ని నోట్లకూ "లా" అనే పాడుతోంది

స్కోరు మిడి ఫైలుగా (ప్రధానంగా స్వరాలను మోసే ఫైలు) వచ్చింది, దారిలో సాహిత్యం పోయింది. స్కోరు రాసిన సాఫ్ట్‌వేర్ నుంచి మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌గా (సాహిత్యాన్ని కూడా మోసే స్కోరు ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ తెరవండి.

మాటలు నోట్ల కంటే ముందే అయిపోతున్నాయి

ఒకే అక్షరాన్ని రెండు మూడు నోట్ల మీద సాగదీసే చోట సాఫ్ట్‌వేర్ ప్రతి నోటుకూ కొత్త అక్షరం తీసేసుకుంటుంది. సింథసైజర్ విలో సాగే నోటుకు మైనస్, అదే మాటలోని తర్వాతి అక్షరానికి ప్లస్ పెట్టాలి. "ఆమెన్"లో "ఆ" మూడు నోట్లు సాగి నాలుగోదానిపై "మెన్" పడితే వరుస ఇది: ఆమెన్, -, -, +. తేడా చెవికి తెలిసిన చోట వెతికితే దొరకదు. దానికి ముందున్న స్లర్ (ఒకే అక్షరం సాగే నోట్లను కలిపే వంపు గీత) దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి సాహిత్యం మళ్లీ పేస్ట్ చేయండి.

టెనర్ సొప్రానో ఎత్తులో పాడుతోంది

టెనర్‌ను కింద 8 అంకె లేని మామూలు ట్రెబుల్ క్లెఫ్‌లో (స్వరాల ఎత్తు చెప్పే గుర్తు; కింద 8 ఉంటే ఒక ఆక్టేవ్ దిగువ అని అర్థం) రాశారన్నమాట. ఆ ట్రాక్‌లోని నోట్లన్నీ ఎంచుకుని 12 సెమీటోన్లు, అంటే ఒక ఆక్టేవ్, దించండి.

సొప్రానో, ఆల్టో కలిసిపోయి నోట్లు ఎగిరిపోతున్నాయి

రెండు పార్టులూ ఒకే స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతల వరుస) మీద ఉన్నాయి. పాడే ట్రాక్ ఒకసారి ఒక నోటే పలుకుతుంది. స్కోరు రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో పార్టుకో స్టాఫ్ చొప్పున విడదీసి, రిపీట్లను పూర్తిగా విప్పి రాసి, అప్పుడు పంపండి.

హల్లులు మింగేస్తోంది, లేదా నాలుగు పార్టుల "స్" నాలుగు చోట్ల పడుతోంది

దీనికి కాస్త ఓపిక కావాలి. మంచి గాయకుల్లాగే సాఫ్ట్‌వేర్ కూడా అచ్చును బీటు మీద పెట్టి, హల్లును బీటుకు ముందే పలుకుతుంది. అందుకే పాట సరిగ్గా సున్నా దగ్గర మొదలైతే మొదటి హల్లు తెగిపోతుంది. ముందు ఒక ఖాళీ బార్ వదలండి. మధ్యలో నోట్లు సందు లేకుండా అంటుకుని ఉంటే, వచ్చే హల్లు ముందు నోటు చివరను తినేస్తుంది. అక్కడ హల్లు నిడివి తగ్గించండి. చివరి "స్" విషయానికొస్తే, నోటు ఎక్కడ ముగిస్తే అది అక్కడే పడుతుంది. నాలుగు పార్టుల్లోనూ ఆ నోట్లను ఒకే బీటు దగ్గర ఆపండి. ఊపిరికి కూడా చోటివ్వాలి: పదబంధం చివరి నోటును ఒక ఎయిత్ నోట్ (సాధారణంగా అర బీటు) మేర కుదించండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పాడేవాళ్లు ట్రాక్ విని నేర్చుకుంటారు కదా.

శ్రుతి పట్టుకోవడం కష్టంగా ఉంది

వైబ్రాటో (స్వరం వణుకు) ఎక్కువైంది, లేదా నోటు నుంచి నోటుకు జారుతోంది. ప్రాక్టీస్ ట్రాక్‌కు వైబ్రాటో సున్నా చేసినా తప్పులేదు. అందంగా పాడే ట్రాక్ కంటే నిటారుగా పాడేదే ఇక్కడ పనికొస్తుంది.

ఫోన్‌లో బేస్ వినపడటం లేదు

బేస్ గొంతు పాడే దిగువ E (E2) స్వరం దాదాపు 82 హెర్ట్జ్. చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు, కాబట్టి వాల్యూమ్ పెంచినా లాభం లేదు. ఈక్వలైజర్‌లో 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య 3 డెసిబెల్స్ పెంచండి. పై హార్మోనిక్స్‌ను బట్టి చెవి అసలు స్వరాన్ని పట్టుకుంటుంది.

తన పార్టు తనకే తెలియడం లేదు

ఆ పార్టును అలాగే ఉంచి, మిగతా మూడింటినీ 9 నుంచి 12 డెసిబెల్స్ తగ్గించండి. ఒక పార్టును పూర్తిగా ఎడమకు, మిగతావి కుడికి పెట్టే అలవాటు మానుకోవడం మంచిది: ఒకే ఇయర్‌బడ్ పెట్టుకున్నవాళ్లకు సగం పాట ఉండదు.

ట్రాక్ మొత్తం ఒకటిన్నర సెమీటోన్ పైకి, వేగంగా

44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి రాస్తుందో ఆ లెక్క) ఉన్న ఫైలును ప్రాజెక్టు 48 కిలోహెర్ట్జ్‌గా చదువుతోంది. నాలుగు పార్టులనూ ఒకే శాంపిల్ రేటుతో మళ్లీ రెండర్ చేయండి.